పిల్లి కడుపులో వెంట్రుకల ఉండలు

పిల్లిని పెంచే ఇల్లాళ్ళకు ఈ సంగతి కొత్తేమీ కాదు. అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్లి ఉన్నట్టుండి ఓ మూలకు చేరి, మెడ సాచి, ఒళ్ళంతా కదిలిపోయేలా ఓకరిస్తుంది. కాసేపటికి వేలెడు పొడవున, తడిసిన దూదివత్తి లాంటి ముద్దను కక్కి ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతుంది. 'ఏ ఎలుకనో, బల్లినో తినుంటుంది' అనుకుంటాం. నిజానికి అది దాని ఒంటి బొచ్చే. దీన్నే డాక్టర్లు 'హెయిర్ బాల్' అంటారు.

ఎప్పుడో ఒకసారి ఇలా కక్కితే కంగారు పడనక్కర్లేదు. కానీ ఆ ఉండ పైకీ రాక, కిందికీ పోక పేగులో అడ్డుపడితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. కాస్త ఓపిక ఉంటే ఈ బాధను చాలావరకు రాకుండానే చూసుకోవచ్చు.

ఎందుకు వస్తుంది?

పిల్లి ఎప్పుడైనా మీ చేతిని నాకిందా? గరుకు కాగితంతో రుద్దినట్టుంటుంది కదూ! దాని నాలుక మీద గొంతువైపుకు వంగిన సన్నని ముళ్ళుంటాయి. ఒళ్ళు నాక్కునేటప్పుడు ఊడిన బొచ్చు వాటికి చిక్కుకుంటుంది. ముళ్ళు లోపలికి తిరిగి ఉండటంతో ఉమ్మేయలేక మింగేస్తుంది. మన గోళ్ళలాగే బొచ్చు కూడా కడుపులో అరగదు. చాలామటుకు మలంతో పోతుంది. మిగిలింది కడుపులో పేరుకుని ఉండ కడుతుంది.

పర్షియన్ లాంటి పొడుగు బొచ్చు పిల్లులకు ఈ బాధ ఎక్కువ. చిన్న కూనలు ఒళ్ళు అంతగా నాక్కోవు కనుక వాటికి తక్కువ. మామూలు పిల్లి ఉన్నట్టుండి తరచూ ఉండలు కక్కుతోందంటే దాని ఒళ్ళు ఓసారి పరీక్షగా చూడండి. గోమార్లు పట్టినా, చర్మం దురద పెట్టినా, బెంగ పెట్టుకున్నా అదేపనిగా నాక్కుంటుంది. అప్పుడు ముందు ఆ కారణానికి వైద్యం చేయించాలి.

దువ్వెనే మంచి మందు

మీరు దువ్వెనతో తీసిన ప్రతి వెంట్రుకా పిల్లి కడుపులోకి పోనిదే! పొడుగు బొచ్చు పిల్లిని రోజూ, పొట్టి బొచ్చు దాన్ని వారానికి రెండుసార్లయినా దువ్వండి. బొచ్చు ఎక్కువగా రాలే రోజుల్లో మరికాస్త శ్రద్ధ తీసుకోండి.

* పిల్లి తిని, ఒళ్ళో కునుకు తీసే వేళ దువ్వితే పేచీ పెట్టదు. మొదట్లో రెండు నిమిషాలు చాలు.
* తలనుంచి తోకవైపుకు, బొచ్చు వాలుగానే దువ్వాలి. ముందు పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన, తర్వాత సన్నపళ్ళ దువ్వెన వాడండి. గోమార్లుంటే అవీ దొరికిపోతాయి.
* చివర్లో తడిచేత్తో నిమిరితే మిగిలిన బొచ్చు చేతికి అంటుకుని వచ్చేస్తుంది.
* చిక్కులు కట్టిన చోట కత్తెర పెట్టకండి. పిల్లి చర్మం పలచన, ఇట్టే తెగుతుంది.

తిండి, నీళ్ళు

ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో మంచినీళ్ళు పెట్టి రోజూ మార్చండి. ఒళ్ళో నీరు తగ్గితే మలబద్ధకం చేసి బొచ్చు కదలదు. ఉప్పు, కారం, తాలింపు లేకుండా ఉడికించిన తియ్యగుమ్మడి గుజ్జు ఒక చెంచా అన్నంలోనో, చేపముక్కల్లోనో కలిపి పెట్టవచ్చు. అందులోని పీచు బొచ్చును ముందుకు నెడుతుంది. మనం తినే కూర మాత్రం పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా సరిగా అరగవు.

హెయిర్ బాల్ కోసం ట్యూబుల్లో పేస్టు దొరుకుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో ముందుకాలి మీద రాస్తే అదే నాకేస్తుంది. సొంతంగా నెలల తరబడి వాడకండి.

ఈ పనులు చేయకండి

పసిపిల్లలకు ఆముదం పట్టినట్టు పిల్లి నోట్లో నూనె పోయకండి. అది పెనుగులాడితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మనం వాడే మాత్రలు వేయకండి, ఒక్క పారసిటమాల్ చాలు పిల్లి ప్రాణం తీయడానికి. కుక్కల గోమారి మందు పిల్లికి రాయకండి. వాటిలో చాలా మందులు పిల్లికి పడవు.

మరో మాట. పూలు కట్టిన దారం, కుట్టుదారం పిల్లికి అందనీయకండి. నోట్లోంచిగానీ, వెనకనుంచిగానీ దారం వేలాడుతుంటే లాగకండి. లోపల పేగు కోసుకుపోతుంది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఆలస్యం చేయకూడని వేళ

* పదేపదే ఓకరిస్తున్నా ఏమీ పడకపోవడం
* ఒక రోజంతా తిండి ముట్టకపోవడం
* మలం రాకపోవడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం
* ముడుచుకుని పడుకుని, పిలిచినా పలకకపోవడం

వీటిలో ఏది కనిపించినా 'రేపు చూద్దాంలే' అనుకోవద్దు. పేగులో అడ్డుపడిందేమో ఎక్స్ రే, స్కానింగ్ చేసి డాక్టరే తేల్చాలి, ఒక్కోసారి ఆపరేషనూ తప్పదు. పైగా రెండు మూడు రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయం దెబ్బతింటుంది. ఇంకో సంగతి. నేలకు ఒదిగి, మెడ సాచి తరచూ దగ్గుతూ, ఉండ మాత్రం ఎప్పుడూ పడకపోతే అది ఉబ్బసం కావచ్చు. అలా దగ్గేటప్పుడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే డాక్టరు త్వరగా పోల్చుకుంటారు.

పిల్లుల్ని చూసే డాక్టరు దగ్గర్లో ఎవరున్నారో, రాత్రివేళ ఎవరు అందుబాటులో ఉంటారో ముందే కనుక్కుని నంబరు ఫోన్లో దాచుకోండి. నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు, మనమే కనిపెట్టాలి. రోజూ దువ్వే చేతికి అది కూడా సులువవుతుంది. ఎక్కడ గాయం, ఎక్కడ వాపు, ఎప్పటినుంచి చిక్కిందో ఆ చేతికే ముందు తెలుస్తుంది.