కరకరలాడేది ఎందుకు?

గులాబీ పువ్వులనే పిండివంట చేసే అచ్చు చూశారు కదా పిల్లలూ, పొడుగు కాడకు పువ్వు బిగించి ఉంటుంది. అదే మాదిరి అచ్చుతో నార్వేలోనూ క్రిస్మస్‌కు పువ్వులు వేయిస్తారు. వాటికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది, క్రుమ్‌కాకె. దానికి నూనె అక్కర్లేదు. నగిషీ చెక్కిన రెండు ఇనుప పలకల మధ్య గంటెడు పిండి వేసి, నొక్కి, పొయ్యి మీద కాలుస్తారు. గుడ్లు, చక్కెర, వెన్న, మైదాతో పాటు అందులో యాలకుల పొడి కూడా వేస్తారు. అంత చలిదేశంలో యాలకులు పండవు, అయినా పండగ పూట ఆ వాసన ఉండాల్సిందే!

పలక తెరిచేసరికి క్రుమ్‌కాకె మెత్తగా ఉంటుంది. వెంటనే కొయ్య శంకువుకు చుట్టేస్తారు. కాసేపట్లోనే బిర్రబిగుస్తుంది, ఆలస్యమైతే చుట్టబోయినప్పుడు విరుగుతుంది. అదంతా చక్కెర మహిమ నాయనా. వేడిలో సాగే చక్కెర, నీళ్ళు పోయి చల్లారగానే గాజులా గట్టిపడుతుంది.

మన ఇంట్లో గులాబీ పువ్వులకు గ్లాసు మైదా, అర గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు చక్కెర పొడి, ఒక గుడ్డు, కాసిని నువ్వులు, యాలకుల పొడి తీసుకుని, వేలికి పల్చగా పట్టేదాకా కొబ్బరిపాలు పోసి కలపండి. మైదాలో సాగే గ్లూటెన్ ఉంటుంది, బియ్యప్పిండిలో ఉండదు. అందుకే అది కలిస్తే పువ్వు పెళుసుగా వస్తుంది.

అచ్చును ముందు నూనెలోనే కాగనివ్వాలి. పిండిలో ముంచగానే చుయ్‌మంటుంది. ఆ వేడికి పిండి ఉబ్బి, గుడ్డు గడ్డకట్టి, పల్చటి పొర అచ్చును పట్టుకుంటుంది. చల్లటి అచ్చుకైతే పొర నిలవదు. పై అంచు మాత్రం మునగనీయకండి. మునిగిందా, పిండి అచ్చును కప్పేస్తుంది, ఇక పువ్వు ఊడి రాదు.

ఇప్పుడు పిండి పట్టిన అచ్చును మళ్ళీ నూనెలో ముంచి, బుడగలు చూడండి. నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు వేల అడుగుల ఎత్తున్న మన హిందూపురంలో నీళ్ళు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. అంటే ఆ బుడగలు పిండిలోని నీళ్ళే, ఆవిరై పోతున్నాయి. బుడగలు తగ్గాయంటే నీళ్ళు అయిపోవచ్చాయన్నమాట. రంగు ఒక్కటే చూసి తీస్తే మోసపోతారు. చక్కెర ఎక్కువైతే లోపల తడి ఉండగానే పైన ఎర్రబడుతుంది.

మన ఊరి బెల్లం వేయొచ్చా అంటారేమో. రుచికి ఢోకా లేదు గానీ, బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజులు గాలిలోని తేమను త్వరగా లాగుతాయి, పువ్వు తొందరగా మెత్తబడుతుంది. కరకర కావాలంటే చక్కెరే వేయండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో ఎండాకాలపు పొడిగాలి మనకు కలిసొస్తుంది. కోస్తాలో తేమ వల్ల అంత సేపు నిలవవు.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం అత్తకు రైల్లో పంపేటప్పుడు, పువ్వులు బాగా చల్లారాకే డబ్బా మూత పెట్టండి. వేడి మీద మూసేస్తే లోపలి ఆవిరి నీళ్ళై వాటి మీదే పడుతుంది. మెత్తబడ్డాయని అత్త ఫోన్ చేస్తే, సన్న సెగ మీద పెనంలో కాసేపు వేడిచేసి ఆరబెట్టమనండి.