జగ్ నివాస్ (లేక్ ప్యాలెస్)

జగ్ నివాస్ రాజస్థాన్ రాష్ట్రములోని ఉదయపూర్ నగరమున పిచోలా సరస్సు మధ్య ద్వీపముపై నిర్మించబడిన పాలరాతి భవనము. మేవాడ్ మహారాణాల వేసవి విడిదిగా 1746లో పూర్తయిన ఈ భవనము 1963 నుండి హోటలుగా ఉన్నది. పడవలో తప్ప దీనిని చేరుటకు వేరు మార్గము లేదు.

గిర్వా లోయ

ఉదయపూర్ ఉన్న లోయను గిర్వా అంటారు. ఆరావళి కొండలు ఈ లోయను మొలనూలు వలె చుట్టి ఉన్నాయి. నగరమునకు ఆనుకొని ఉన్న అహాడ్ వద్ద జరిగిన త్రవ్వకాలలో రాగి పనిముట్లు వాడిన తామ్రశిలాయుగపు ప్రజల నివాసములు బయల్పడినవి. కనుక లోయ చరిత్ర మహారాణాలతో మొదలు కాలేదు.

చిత్తోడ్ కోట మైదానమధ్యమున ఒంటి కొండపై ఉండుటచే ముట్టడికి సులభముగా లోనయ్యేది. రెండవ ఉదయసింహుడు 1559లో కొండల చాటున కొత్త రాజధానికి పునాది వేశాడు. ఆయన ముందుచూపు వృథా కాలేదు. 1568లో చిత్తోడ్ అక్బరు వశమైనది.

సరస్సు నగరము కంటె పాతది. రాణా లాఖా కాలమున ఒక బంజారా వర్తకుడు ధాన్యము మోసే పెరికె ఎద్దులను వాగు దాటించుటకు కట్ట వేశాడనీ, అదే పిచోలా అయినదనీ ప్రతీతి. తెలుగునాట లంబాడీలని పిలువబడేవారు ఈ బంజారాలకు సంబంధించినవారే. సరస్సు ఏర్పడిన సంవత్సరమును 1362గా పలువురు వ్రాస్తారు గాని, లాఖా పాలన 1382లో మొదలైనదని సాధారణముగా చెప్పబడుతున్నందున ఈ రెండును పొసగవు. ఉదయసింహుడు ఈ కట్టను బలపరచి సరస్సును విస్తరింపజేశాడు.

నిర్మాణము

రెండవ జగత్ సింహుడు 1743లో నిర్మాణము ప్రారంభించాడు. యువరాజుగా ఉన్నప్పుడు సరస్సులోని మరొక ద్వీపభవనమైన జగ్ మందిర్‌లో వెన్నెల విందులకు తండ్రి అనుమతించలేదనీ, ఆ పట్టుదలతోనే దీనిని కట్టించాడనీ ఒక కథ ప్రచారములో ఉన్నది. సూర్యవంశీయులమని చెప్పుకొనే రాజులు ఉదయభానుని దర్శించుటకు వీలుగా భవనము తూర్పుముఖముగా కట్టబడినది.

ఈ రెండు ద్వీపభవనములను కలిపి పొరబడుట కద్దు. తండ్రిపై తిరుగుబాటు చేసిన ఖుర్రం (తరువాతి షాజహాన్) ఆశ్రయము పొందినది జగ్ మందిర్‌లోనే. 1857లో నీమచ్ నుండి పారిపోయి వచ్చిన ఐరోపా కుటుంబములకు మహారాణా స్వరూప్ సింహుడు రక్షణ కల్పించినదీ అక్కడే.

హోటలుగా మార్పు

1948లో మేవాడ్ సంస్థానము రాజస్థాన్‌లో విలీనమైనది. రాజ్యము పోయినను భవనముల నిర్వహణభారము రాజకుటుంబముపైనే మిగిలినది. మహారాణా భగవత్ సింహుడు శిథిలమగుచున్న జగ్ నివాస్‌ను బాగుచేయించి హోటలుగా మార్చాడు. ఈ పనిలో అమెరికాలో పుట్టిన డీడీ కాంట్రాక్టర్ సలహాదారుగా ఉన్నారు. 1971లో నిర్వహణ తాజ్ సంస్థకు అప్పగించబడినది. అదే సంవత్సరము రాజ్యాంగ సవరణ ద్వారా రాజభరణములు రద్దయినవి. 1983లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రము 'ఆక్టోపస్సీ' ద్వారా ఈ భవనము విదేశాలలోనూ ప్రసిద్ధి పొందినది.

నీటి సమస్య

పిచోలా సహజసరస్సు కాదు; వాననీటిపై ఆధారపడిన చెరువు. ఊరి చెరువుకు వచ్చే కష్టములన్నీ దీనికీ వస్తాయి: వాగులకు అడ్డంకులు, పూడిక, మురుగు. వర్షములు లేని సంవత్సరములలో ఇది ఎండి, ద్వీపము చుట్టూ పశువులు మేసిన సందర్భములున్నాయి. పిచోలా, ఫతేసాగర్ జలాశయములు నగరమునకు త్రాగునీటి ఆధారములు కూడ కనుక, నీరు తగ్గితే నష్టపోయేది హోటలు ఒక్కటే కాదు. అందుచే సబర్మతి పరీవాహక ప్రాంతము నుండి దేవాస్ పథకము ద్వారా నీటిని పిచోలాకు మళ్ళించారు.