కుందేలు లిట్టర్ బాక్స్ తవ్వేస్తోందా? ఇలా ట్రై చేయండి

పొద్దున లేచేసరికి గదంతా పేపర్ పెల్లెట్లే! పక్కనున్న పాత ఫోన్‌ని సీసీ కెమెరాలా పెట్టి చూశా. మా కుందేలు తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం తవ్వుతోంది. కుందేళ్లు బాగా చురుగ్గా ఉండేది ఆ టైమ్‌లోనే. బొరియలు తవ్వడం వాటి సహజగుణం, తిడితే మానవు.

అందుకే సెటప్ మార్చా. అంచులు ఎత్తుగా ఉన్న టబ్ తీసుకుని, పెల్లెట్ల మీద సన్న రంధ్రాల జాలీ పరిచా. ఓ మూల ఎండుగడ్డి పెట్టా. తవ్వుకోడానికి పేపర్ ముక్కలు నింపిన అట్టపెట్టె విడిగా ఇచ్చా. ఇప్పుడు తవ్వకాలన్నీ అందులోనే.

ఒక్క జాగ్రత్త: తడిస్తే గడ్డకట్టే పిల్లుల లిట్టర్ మాత్రం వాడొద్దు. తవ్వుతూ మింగితే పేగుల్లో అడ్డుపడొచ్చు. కుందేలు మేత మానేస్తే రేపటిదాకా ఆగకండి, వెంటనే వెట్‌కి చూపించండి. అన్నట్టు, కెమెరా ఫోన్ ఛార్జర్ వైరు దానికి అందకుండా పెట్టండి!