మీకు తెలుసా? పిల్లి మీద నిషేధం!
మ్యాజిక్: ది గాదరింగ్ కార్డుల ఆటలో బలం ఒకటి, ఓర్పు ఒకటి మాత్రమే ఉన్న ఓ బక్క పిల్లిని 2020 ఆగస్టులో స్టాండర్డ్ పోటీల నుంచి నిషేధించారు!

దాని పేరు కాల్డ్రన్ ఫెమిలియర్. బరిలోకి దిగిన ప్రతిసారీ ప్రత్యర్థి ప్రాణాల్లో ఒకటి తగ్గించి మనకు ఒకటి కలుపుతుంది. విచెస్ అవెన్ (మంత్రగత్తె పొయ్యి) కార్డుతో దాన్ని బలి ఇస్తే ‘ఫుడ్’ టోకెన్ వస్తుంది. ఆ ఫుడ్‌ను బలి ఇస్తే చచ్చిన పిల్లి లేచొస్తుంది. అంతేనా? ఎదుటివాడి రాక్షసుడికి దాన్ని అడ్డు నిలబెట్టి, దెబ్బ పడేలోపే పొయ్యిలోకి తోసేయొచ్చు. అడ్డును దాటి దెబ్బ వేసే ట్రాంపుల్ శక్తి ఉంటే తప్ప ఆ దాడి వృథాయే. ఎదుటివాడికి ఒళ్లు మండదూ మరి!

రెండు కార్డులకూ ఒక్కో మానా చాలు, రెండూ అన్‌కామన్ రకమే. బలి డెక్ కొత్తగా కట్టేవాళ్లకు ఇంతకంటే తేలికైన జోడీ కష్టం. పయొనీర్, కమాండర్ పద్ధతుల్లో నిక్షేపంగా ఆడుకోవచ్చు. అన్నట్టు, పిల్లిని నిషేధించినప్పుడు పొయ్యి జోలికి మాత్రం ఎవరూ పోలేదు.