శుక్రకణం వెంట తెచ్చే ప్రొటీన్లు

జపాన్‌లోని ఇజుమోలో పెళ్లి సంబంధాలు కలిపే దేవుడి గుడి ఉంది. శుక్రకణం తలలో ఉండే ఒక ప్రొటీన్‌కి ఆ ఊరి పేరే పెట్టారు. 2005లో ఒసాకా విశ్వవిద్యాలయంలో మసారు ఒకాబే బృందం దాన్ని కనిపెట్టింది. ఇజుమో లేని ఎలుకల శుక్రకణాలు చక్కగా ఈదాయి, అండం చుట్టూ ఉన్న మందపాటి పొరనూ దాటాయి. తీరా అండాన్ని చేరాక అందులో కలవలేకపోయాయి.

అండం వైపు దాని జోడీ 2014లో గానీ దొరకలేదు. ఇంగ్లండ్‌లోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్రికా బియాంకీ, గావిన్ రైట్ బృందం దాన్ని పట్టుకుని, రోమన్ల వివాహ దేవత పేరుతో జూనో అని పిలిచింది. ఈ కొంగుముడి ఒక్కసారే పడుతుంది. ఒక శుక్రకణం కలిసిన అరగంట, ముప్పావుగంటలో ఎలుక అండం పైన జూనో దాదాపు కనబడకుండా పోతుంది.

పై పొర తీసేసిన హామ్‌స్టర్ అండంలోకి మనిషి శుక్రకణం చొరబడగలదని శాస్త్రవేత్త యానగిమాచి బృందం 1976లో చూపింది. మగవారి సంతాన సామర్థ్యానికి అది చాలాకాలం ఒక పరీక్షగా నిలిచింది. మన ఇజుమో హామ్‌స్టర్ జూనోకీ అతుక్కుంటుందని తర్వాత తేలింది.

శుక్రకణం తోకలో క్యాట్‌స్పర్ అనే క్యాల్షియం ద్వారం ఉంటుంది. అండం చుట్టూ ఉన్న కణాలు వదిలే ప్రొజెస్టెరాన్ తగలగానే అది తెరుచుకుంటుంది. మనుషుల్లో ఈ సంగతిని రెండు బృందాలు 2011లో విడివిడిగా తేల్చాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది పీఎల్‌సీ జీటా. కార్డిఫ్ శాస్త్రవేత్తలు 2002లో దీన్ని బయటపెట్టారు. శుక్రకణం లోపలికి వెళ్లాక ఈ ప్రొటీన్ అండంలో క్యాల్షియం అలలు లేపుతుంది. అవి గంటల తరబడి ఆగి ఆగి వస్తూ అండాన్ని మేల్కొలుపుతాయి. ఇక్సీ పద్ధతిలో శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపుతారు కనుక అక్కడ ఇజుమోతో పనిలేదు. పీఎల్‌సీ జీటా మాత్రం కావాల్సిందే. అది లోపించడం వల్ల కొన్ని జంటలకు ఇక్సీ కూడా ఫలించదు. అటువంటప్పుడు డాక్టర్లు అండాన్ని క్యాల్షియం పెంచే రసాయనంతో ఉత్తేజపరిచి చూస్తారు. పిల్లలు కలగకపోతే ముందు భార్యనే వేలెత్తి చూపే ఇళ్లలో ఈ ప్రొటీన్ సంగతి తప్పక చెప్పాలి.

తండ్రి డీఎన్‌ఏని శుక్రకణం తలలో ఇమిడేలా బిగించి చుట్టేవి ప్రొటమిన్లు. 1874లో ఫ్రీడ్రిష్ మీషర్ వీటిని సాల్మన్ చేప శుక్రకణాల్లో కనుగొన్నారు. గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ప్రభావాన్ని, పని ముగిశాక విరిచేందుకు వాడే మందు ఈ ప్రొటమినే.