టికాల్: నదిలేని మహానగరపు జలవ్యవస్థ

గ్వాటెమాల ఉత్తర భాగంలో, పెటెన్ వర్షారణ్యం నడుమ ఉన్న ప్రాచీన మాయా నగరం టికాల్. అక్కడికి వెళ్లిన యాత్రికుని చూపు సహజంగానే పైకి పోతుంది. సుమారు 65 మీటర్ల ఎత్తున్న నాలుగవ ఆలయం చెట్ల కొసలను దాటి నిలిచింది. మహాప్రాంగణంలోని మొదటి ఆలయం అడుగున, 682లో సింహాసనమెక్కిన హసావ్ చాన్ కవీల్ సమాధి ఉంది. ఛాయాచిత్రాల కెక్కేవి ఇవే. అయితే ఆ నగరం అక్కడ ఎలా బతికిందన్న ప్రశ్నకు సమాధానం కాలికింద ఉంది.

టికాల్‌కు నది లేదు. నేల సున్నపురాయి కావడంతో వాననీరు నెర్రెల గుండా లోతుకు ఇంకిపోతుంది. ఏటా కొన్ని నెలలు వాన చాలా తక్కువ. అందుచేత నిర్మాతలు ప్రాంగణాలకు సున్నపు గచ్చు పరచి, వాటిని జలాశయాలవైపు వాలుగా తీర్చారు. ఎత్తైన బాటలు కొన్నిచోట్ల ఆనకట్టలుగానూ పనిచేశాయి. నేడు యాత్రికుడు తిరిగే మహాప్రాంగణం ఒకప్పుడు వాననీటిని పట్టే పళ్లెం.

పట్టిన నీటిని శుభ్రపరచే ప్రయత్నమూ జరిగింది. కొరియెంటల్ జలాశయపు ఒండ్రులో స్ఫటికపు ఇసుక, జియోలైట్ దొరికాయని 2020లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. జియోలైట్ సూక్ష్మరంధ్రాలు గల ఖనిజం. సూక్ష్మజీవులను, కొన్ని లోహాలను పట్టి ఉంచగలదు. దానిని దాదాపు 30 కిలోమీటర్ల దూరంనుండి తెచ్చి వడపోతకు వాడారని పరిశోధకుల అభిప్రాయం. బండిగానీ బరువులు మోసే పశువుగానీ లేని సమాజం అది. ఆ భారమంతా మనుషుల వీపులమీదనే సాగి ఉండాలి.

అదే సంవత్సరం వెలువడిన మరో పరిశోధన ఇందుకు భిన్నమైన చిత్రాన్ని చూపింది. నగర కేంద్రంలోని రాజప్రాసాద, ఆలయ జలాశయాల ఒండ్రులో పాదరసం విషస్థాయిలో ఉంది. విషాన్ని పుట్టించగల సయనోబాక్టీరియా ఆనవాళ్లూ దొరికాయి. పాదరసానికి మూలం ఇంగిలీకమని పరిశోధకులు భావిస్తున్నారు. మాయా పాలకులు కట్టడాలకు, సమాధులకు పూసిన పవిత్రమైన ఎరుపు అదే. గోడలను కడిగిన వాన దానిని తాగునీటిలో కలిపింది. నీటిని పట్టేందుకు వాలుగా తీర్చిన ఏర్పాటే విషాన్నీ మోసుకొచ్చిందన్నమాట. అంచునున్న కొరియెంటల్ నీటికంటే రాజుల ముంగిట నీరే ఎక్కువ చెడింది.

నగర పతనానికి ఇదొక్కటే కారణమనడం తొందరపాటు. తొమ్మిదవ శతాబ్దపు అనావృష్టిని, రాజ్యాలమధ్య యుద్ధాలను పక్కన పెట్టలేము. కానీ కరవులో జలాశయం అడుగంటినకొద్దీ మిగిలిన నీరు మరింత చెడుతుంది. నీటిని రప్పించే పాలకునిపై నమ్మకమూ దానితోపాటే సడలి ఉంటుంది. టికాల్‌లో తేదీ చెక్కిన చివరి శిలాస్తంభం 869 నాటిది.

మధ్య అక్రోపోలిస్ దక్షిణపు అంచున నిలిచి కిందికి చూస్తే చెట్లు కమ్ముకున్న లోతైన పల్లం కనిపిస్తుంది. రాజప్రాసాద జలాశయం అదే.