తోలుపట్టీ చేసే పని, చేయలేని పని

మంగలికత్తి మొద్దుబారగానే చెయ్యి తోలుపట్టీ మీదికి పోతుంది. నాలుగుసార్లు లాగితే రాని పదును నలభైసార్లు లాగితే వస్తుందనుకుంటాం. వత్రాప్ నుంచి విరుదునగర్, కోవిల్పట్టి దాకా తెలుగిళ్ళలో ఎవరైనా పాత మంగలిపొది విప్పి ఆ కత్తిని మళ్ళీ వాడాలనుకుంటే ముందుగా ఈ భ్రమ వదులుకోవాలి. పదును పుట్టేది సానరాయి మీద. తోలు దాన్ని కాపాడగలదు, పుట్టించలేదు.

వెంట్రుక ఉక్కుకన్నా సుమారు 50 రెట్లు మెత్తన. అయినా గీసేకొద్దీ అంచు పాడవుతుంది. ఎందుకో అమెరికాలోని ఎంఐటీలో రొషోలి, తాషాన్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 2020లో ‘సైన్స్’ పత్రికలో వివరించింది. అంచు మెల్లగా అరిగిపోవడమే కాదు, సన్నని పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక ఒరిగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కులో గట్టిదనం ఒకేలా లేనిచోట ఒత్తిడి పోగుపడి పెచ్చు లేస్తుంది. వాళ్ళు చూసింది వాడి పారేసే స్టెయిన్‌లెస్ బ్లేడును కదా, మన కత్తికి అది వర్తిస్తుందా అని అడగవచ్చు. పెచ్చులు ఎంత లేస్తాయన్నది ఉక్కును బట్టి మారవచ్చు. కానీ లోపలి నిర్మాణం అంతటా ఒకేలా ఉండకపోవడం కార్బన్ ఉక్కుకూ ఉన్న గుణమే. ఊడిన లోహాన్ని తోలు తిరిగి అతికించలేదు. ఆ గుంట అడుగుదాకా చుట్టూ అంచును రాయి మీద నూరాల్సిందే.

నూరేటప్పుడు కత్తి వీపూ అంచూ రెండూ రాయిని తాకాలి. కోణాన్ని వీపే నిర్ణయిస్తుంది, మణికట్టుతో సవరించే పని లేదు. తడిరాయి మీద అంచు ముందుగా, కత్తి బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా నడపాలి. బాగా మొద్దుబారితే 1000 నంబరు రాయితో మొదలుపెట్టి 4000, 8000 మీదుగా ఇంకా నున్నటి రాళ్ళకు పోవాలి. అంచును దీపం కింద నిలువుగా పట్టి చూడండి. మొద్దు ఉన్నచోట సన్నని వెలుగుగీత కనబడుతుంది. అది పోయేదాకా మొదటి రాయి వదలకూడదు. తొందరపడేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మరి తోలు మీద లాగాక గడ్డం హాయిగా దిగుతుందన్న పెద్దల అనుభవం అబద్ధమా? కాదు. ఒరిగిన అంచు నిటారవుతుంది, కంటికి కనబడని తడీ తుప్పూ తుడుచుకుపోతాయి. అయితే వట్టి తోలు లోహాన్ని దాదాపు అరగదీయదు. క్రోమియం ఆక్సైడ్ పూసిన తోలు అరగదీస్తుంది, కానీ అప్పుడది మెత్తటి సానరాయి కిందే లెక్క. పట్టీ బిగువుగా ఉండాలి, వీపు ముందు నడవాలి, కత్తిని వీపు మీదే తిప్పాలి. పట్టీ వదులైనా, గట్టిగా నొక్కినా తోలు అంచు చుట్టూ వంగి దాన్ని గుండ్రం చేస్తుంది. నలభైసార్లు లాగినా కత్తి తెగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

బ్లేడు మార్చుకుంటే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్న ఒకచోట పూర్తిగా న్యాయం. సాత్తూరు దగ్గర ఇరుక్కన్‌గుడి మారియమ్మ గుడిలోనో, సెలూన్‌లోనో ఎన్నో తలలకు ఒకే కత్తి తగదు. రాయీ తోలూ హెపటైటిస్ బి క్రిమిని చంపలేవు, పైగా రక్తం అంటిన తోలును మరిగించి శుద్ధి చేయలేం. అక్కడ కొత్త బ్లేడే సరి. నూరుకునే కత్తి సొంత గడ్డానికే, ఇంట్లోనైనా దాన్నీ దాని పట్టీనీ ఒక్కరే వాడాలి.